ఉరిసే కప్పు, చెమ్మపట్టిన గోడ: దాతలు తెలుసుకోవలసిన భవన రక్షణ పాఠం



బడికి ఒక గది, దవాఖానాకు ఒక వార్డు, మస్జిదుకు ఒక అంతస్తు కావాలంటే మన బస్తీలో దాతలకు కొదవ లేదు. గది కట్టించినవారి పేరు గుమ్మం పక్కన రాతి ఫలకం మీద ఉంటుంది. ఆ గది మీద వాన నీరు నిలవకుండా గొట్టం పెట్టించినవారి పేరు ఎక్కడా ఉండదు. అయినా ఆ గది నలభై ఏళ్లు నిలుస్తుందా, పదేళ్లకే పెచ్చులూడుతుందా అన్నది చాలావరకు ఆ గొట్టం మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ వ్యాసం ఇంజినీర్ల కోసం రాసింది కాదు. డబ్బు ఇచ్చేవారి కోసం, కమిటీలో కూర్చుని బిల్లు మీద సంతకం పెట్టేవారి కోసం రాసింది. నీరు భవనంలోకి ఎలా వస్తుంది, దాన్ని ఎలా ఆపాలి, ఆపామో లేదో ఎలా పరీక్షించాలి అనే మూడు విషయాలు తెలిస్తే ఒకే కప్పుకు మూడుసార్లు విరాళం అడగవలసిన పరిస్థితి రాదు.

గౌలిపురలో ఈ పాఠం అవసరం ఎందుకు

హైదరాబాద్ నగర ప్రాకారానికి ఉన్న దర్వాజాల్లో గౌలిపుర దర్వాజా ఒకటి. ప్రాకారం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు ఇక్కడి గల్లీల్లో మూడు కాలాల కట్టడాలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. రాతి గోడలు, సున్నపు గచ్చు, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ ఉన్న పాత ఇళ్లు ఒక రకం. గోడల మీద రేకులు పరిచిన గదులు, షెడ్లు రెండో రకం. ఇనుప కడ్డీలు, సిమెంటుతో వేసిన స్లాబుల భవనాలు మూడో రకం. ఒకరి గోడ మరొకరి గోడను తాకి ఉంటుంది. రెండు ఇళ్ల మధ్య సందులో బయటి గోడకు గిలాబు చేయడానికి మనిషి పట్టని చోట్లు కూడా ఉన్నాయి. అందుకే ఒక ఇంటి కప్పు మీద నిలిచిన నీరు పక్కింటి గోడలో చెమ్మగా కనిపిస్తుంది.

మన నగరంలో ఏడాదికి సగటున సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. కోస్తాతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. కానీ అది పడే తీరు వేరు. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో బేగంపేటలో ఒక్క రోజులోనే సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. అంటే ఏడాది వానలో దాదాపు నాలుగో వంతు. ఒక చిన్న లెక్క చేద్దాం. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 120 గజాల కప్పు అంటే సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద ఆ రోజు 19 వేల లీటర్లు పడ్డాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు తెచ్చి కప్పు మీద గుమ్మరించినట్టు. ఆ నీటికి మనం చూపే దారి ఎంత? చాలా కప్పుల మీద ఒకే ఒక గొట్టం, దాని మూతికి అడ్డంగా ఎండుటాకులు, పతంగుల కాగితాలు.

ఎండ కూడా ఇందులో భాగమే. మే నెలలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఉన్న స్లాబు దానికంటే ఎంతో వేడెక్కుతుంది. సాయంత్రం ఒక్కసారిగా వాన పడితే అదే స్లాబు నిమిషాల్లో చల్లబడుతుంది. రోజూ ఇలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే వెంట్రుకంత బీటలు పుడతాయి. రోహిణి కార్తెలో పుట్టిన బీట మృగశిరలో కారుతుంది.

ఇది గోడ రంగు పాడయ్యే సమస్య మాత్రమే కాదు. 2020 అక్టోబర్ వానల్లో బండ్లగూడ వద్ద ప్రహరీ గోడ ఇళ్ల మీద కూలి పసిపిల్లలతో సహా పలువురు చనిపోయారు. తడిసిన మట్టి, తడిసిన గోడ తమ బరువును తామే మోయలేని స్థితికి వస్తాయి. ఏటా వానాకాలానికి ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలను గుర్తించి నోటీసులు ఇచ్చేది ఇందుకే. పిల్లలు కూర్చునే గది కప్పు మీద చెమ్మ మచ్చ కనబడితే దాన్ని ముందస్తు నోటీసుగానే చూడాలి.

నీరు లోపలికి రావాలంటే మూడు కలవాలి

గోడకు లేదా కప్పుకు నీరు తగలాలి, అక్కడ ఒక సందు ఉండాలి, ఆ సందులోంచి నీటిని లోపలికి నెట్టే బలం ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కారడం ఉండదు. మనం సాధారణంగా సందు మూయడం గురించే ఆలోచిస్తాం. డబ్బా తెచ్చి పూత పూస్తాం. నిజానికి నీరు తగలకుండా చేయడం, నెట్టే బలాన్ని తీసేయడం చౌక, ఎక్కువకాలం నిలుస్తాయి కూడా.

నెట్టే బలాలు ముఖ్యంగా అయిదు.

మొదటిది నీటి బరువు. నీరు పల్లానికి పోతుంది. కప్పుకు వాలు లేకపోతే నీరు నిలిచి, దొరికిన బీటలోంచి కిందికి దిగుతుంది.

రెండోది గాలి వేగం. నైరుతి రుతుపవనాల కాలంలో జల్లు ఎక్కువగా పడమటి, నైరుతి దిక్కుల నుంచి కొడుతుంది. పడమటి గోడ కిటికీలే ముందు కారడానికి ఇది కారణం. అక్టోబరులో బంగాళాఖాతం వాయుగుండాలు వచ్చినప్పుడు జల్లు దిక్కు మారుతుంది. అప్పటిదాకా పొడిగా ఉన్న తూర్పు గోడ అప్పుడు తడుస్తుంది.

మూడోది నీటికి ఉన్న అంటుకునే గుణం. సజ్జా అంచు నుంచి నీరు తిన్నగా కిందికి రాలకుండా అడుగుభాగాన్ని పట్టుకుని గోడ దాకా పాకుతుంది. అందుకే పాత మేస్త్రీలు సజ్జా అడుగున, అంచుకు కాస్త లోపలగా, పొడవునా ఒక గాడి గీసేవారు. నీరు ఆ గాడి దాటలేక అక్కడే బొట్టుగా రాలుతుంది. పైసా ఖర్చు లేని ఈ గాడిని నేటి నిర్మాణాల్లో చాలాసార్లు మరచిపోతున్నారు.

నాలుగోది పీల్చుకునే గుణం. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు ఇటుక, సున్నం, సిమెంటు గిలాబు నీటిని లాగుతాయి. పునాది నుంచి గోడలోకి నడుము ఎత్తు దాకా ఎక్కే చెమ్మ ఇదే. ఆ నీటితో వచ్చిన లవణాలు గోడ పైకి చేరి తెల్లటి పొడిగా పొంగుతాయి. మన వాళ్లు గోడకు లోనా పట్టింది అనేది దీన్నే.

అయిదోది గాలి ఒత్తిడిలో తేడా. బయట ఈదురుగాలి కొడుతుంటే లోపల ఒత్తిడి తక్కువగా ఉంటుంది. కిటికీ చట్రం పక్కన ఉన్న సన్నని సందులోంచి నీటిని ఆ తేడా లోపలికి పీల్చేస్తుంది.

కారుతున్న చోట నిలబడి, ఈ అయిదింటిలో ఏది పని చేస్తోంది అని అడగడం మరమ్మతులో మొదటి మెట్టు. నడుము ఎత్తు వరకే చెమ్మ ఉంటే కప్పు మీద పూత పూయడం దండగ. వాన లేని మార్చిలో కూడా మచ్చ తడిగా ఉంటే అది వాన నీరు కాదు, పైనున్న మరుగుదొడ్డి గొట్టమో వుజూఖానాయో ట్యాంకు పైపో కారుతోందన్నమాట.

నాలుగు కాపలాలు

మంచి భవనానికి నీటి మీద నాలుగు కాపలాలు ఉంటాయి. మొదటిది నీరు తగలకుండా తప్పించడం: సజ్జా, పిట్టగోడ మీద ముందుకు చొచ్చిన రాతి పలక, కప్పు అంచు. రెండోది తగిలిన నీటిని వెంటనే పంపేయడం: వాలు, గొట్టం, నేల మీద కాలువ. మూడోది లోపలికి చేరిన కొద్దిపాటి తడి ఆరిపోయే వీలు. నాలుగోది అప్పుడప్పుడు తడిసినా చెడిపోని పదార్థం.

ఈ నాలుగింటినీ మరచిపోతే ఏమవుతుందో కెనడాలోని వాంకూవర్ నగరం చూసింది. అక్కడ 1980ల నుంచి 1990ల దాకా కట్టిన వేలాది అపార్టుమెంట్లలో గోడల మీద కప్పు అంచులు, సజ్జాలు తగ్గించారు. గోడలను బయట గట్టి పూతతో మూసేశారు. కిటికీల పక్కన దూరిన నీరు లోపలే చిక్కుకుని చెక్క చట్రాలు కుళ్లిపోయాయి. విచారణ కోసం 1998లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం బారెట్ కమిషన్‌ను వేయవలసి వచ్చింది. అవి పేదల గుడిసెలు కావు, కొత్త భవనాలు. నీరు రాకుండా మూసేయడం ఒక్కటే చాలదు, వచ్చిన నీరు పోయే దారి, ఆరే దారి కూడా ఉండాలని ఆ అనుభవం నేర్పింది. మన తాతల ఇళ్లకు ఉన్న వెడల్పాటి షాబాద్ రాతి సజ్జాలు ఆ పాఠాన్ని ముందే పాటించాయి.

పాత సున్నపు కట్టడం: గాలి పీల్చే గోడ

గచ్చు అనే మాట మన తెలుగులోకి ఉర్దూ, ఫార్సీల దారిలో వచ్చింది. ఆ పని కూడా ఈ నగరంలో చేయి తిరిగిన పనే. సున్నం, ఇసుక కలిపి డంగులో ఎద్దులతో నూరించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చి గోడకు, కప్పుకు వాడేవారు. మద్రాస్ టెర్రస్‌లో దూలాల మీద సన్న ఇటుకలు ఏటవాలుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, చెక్క కొట్టుళ్లతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఈ పని ఇప్పటికీ పనికిరానిదేమీ కాదు. వాన నీరు దిగకుండా కప్పు మీద సున్నపు కాంక్రీటు వేసే పద్ధతికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3036 అనే నియమావళి ఇచ్చింది. మద్రాస్ టెర్రస్‌కు ఐఎస్ 2119 ఉంది.

సున్నపు గోడ నీటిని పూర్తిగా ఆపదు. వాన పడినప్పుడు కొంత పీల్చి, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. దాని మందమే దాని రక్షణ. ఆ గోడ మీద సిమెంటు గిలాబు చేస్తే పరిస్థితి తలకిందులవుతుంది. సిమెంటు గట్టిది, వంగదు, ఆవిరిని సులభంగా బయటికి పోనివ్వదు. కొన్నేళ్లకు అందులో సన్న బీట వస్తుంది. బీటలోంచి నీరు లోపలికి పోతుంది గానీ ఆరడానికి బయటికి రాదు. సున్నం మెత్తబడుతుంది, దూలాల చివర్లు గోడలోపలే పుచ్చిపోతాయి. బయటికి అంతా గట్టిగానే కనబడుతుంది. ప్రమాదం అందులోనే ఉంది.

ఇందుకు మన నగరంలోనే పెద్ద నిదర్శనాలు ఉన్నాయి. కుతుబ్ షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో పని ప్రారంభించి 2024 దాకా కొనసాగించింది. అక్కడ గుమ్మటాల మీద, గోడల మీద ఇరవయ్యో శతాబ్దంలో వేసిన సిమెంటు పొరలను ఓపికగా తొలగించి, మళ్లీ సంప్రదాయ సున్నపు గచ్చు వేశారు. మక్కా మస్జిదులో 2017లో మొదలైన మరమ్మతులకు కప్పులోంచి వాన నీరు దిగడం ముఖ్య కారణాల్లో ఒకటి. 1617లో పునాది పడి 1694లో పూర్తయిన రాతి కట్టడానికి కూడా కప్పు మీది పొరే ప్రాణం. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి ఒక గచ్చు పెళ్ల రాలిపడింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఎండకు ఎండి, వానకు తడిసే అలంకారపు గచ్చును కాలానుగుణంగా తట్టి చూడాలని ఆ ఘటన గుర్తు చేసింది.

కాబట్టి మీ సంస్థ చేతిలో పాత సున్నపు కట్టడం ఉంటే నియమం ఒక్కటే: సున్నానికి సున్నమే మందు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే. కానీ దొరికినవాడితో ఆలస్యంగా చేయించినా అది చవకే అవుతుంది.

కొత్త స్లాబు: నీరు దూరే ఏడు చోట్లు

సిమెంటు స్లాబు లెక్క వేరు. అది నీటిని పీల్చి వదిలే గోడ కాదు, అడ్డుకునే పలక. అడ్డులో ఒక్క రంధ్రం ఉన్నా పని చెడుతుంది. కారే చోటు స్లాబు నడిమధ్యన ఉండటం అరుదు. దాదాపు ఎప్పుడూ అంచుల్లో, అతుకుల్లో ఉంటుంది.

ఒకటి, వాలు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. పది మీటర్ల కప్పుకు ఒక చివర నుంచి మరో చివరకు పది సెంటీమీటర్ల తేడా. వాన ఆగిన మర్నాడు కప్పు మీద మడుగు కనబడితే వాలు తప్పిందని అర్థం.

రెండు, నీటి గొట్టాలు. గంటకు 100 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడితే నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకే సరిపోతుంది. ఆ లెక్కన 120 గజాల కప్పుకు కనీసం మూడు గొట్టాలు కావాలి. గొట్టం మూతికి జాలీ, దాని చుట్టూ స్లాబులో కొద్దిగా పల్లం ఉండాలి.

మూడు, స్లాబు పిట్టగోడను కలిసే మూల. ఇక్కడ లంబకోణం వదిలితే బీట ఖాయం. మూలను గుండ్రంగా మలిచి గోలా కట్టాలి. వాటర్ ప్రూఫింగ్ పొరను పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించి, పై అంచును గాడిలో దూర్చి మూయాలి.

నాలుగు, స్లాబులోంచి పైకి వచ్చే పైపులు. స్లాబు వేశాక చిల్లు పొడిచి పైపు దూర్చి, చుట్టూ సిమెంటు పాముతారు. ఆ అతుకు మొదటి వేసవికే విడిపోతుంది.

అయిదు, రేపు ఇంకో అంతస్తు వేయడానికని వదిలిన పిల్లరు కడ్డీలు. మన బస్తీలో ఆకాశం వైపు చూస్తున్న తుప్పు కడ్డీలు లేని కప్పు అరుదు. ఆ కడ్డీల వెంట నీరు, తుప్పు రెండూ నేరుగా పిల్లరులోకి దిగుతాయి. తుప్పు పట్టిన ఇనుము మొదటి ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది. పై అంతస్తు ఎప్పుడు వేస్తామో తెలియనప్పుడు వాటికి తుప్పు నిరోధక పూత పూసి, పలచని కాంక్రీటు దిమ్మెలో కప్పి ఉంచాలి.

ఆరు, ట్యాంకు దిమ్మెలు, డిష్ యాంటెన్నా, బోర్డుల బోల్టులు. బోల్టు ఒక్కటి బిగించినా వాటర్ ప్రూఫింగ్ పొరకు చిల్లు పడుతుంది. దిమ్మె కట్టి, దాని మీద బిగించాలి.

ఏడు, వుజూఖానా, మరుగుదొడ్లు. రోజుకు అయిదు పూటలా నీరు పారే వుజూఖానా పై అంతస్తులో ఉంటే దాని కింది స్లాబుకు ప్రతిరోజూ వానాకాలమే. అక్కడ నేలకు, గోడకు కలిపి తొట్టిలా ఏకపొరగా వాటర్ ప్రూఫింగ్ చేయాలి. టైల్స్ వేసినంత మాత్రాన నీరు ఆగదు. టైల్స్ మధ్య గీతల్లోంచి నీరు దిగుతూనే ఉంటుంది.

కప్పు మీద తెల్లటి పూత వేయడం మరో మంచి పని. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఎండను వెనక్కి పంపే పూత గదిని చల్లబరచడమే గాక స్లాబు సాగి ముడుచుకోవడాన్ని తగ్గిస్తుంది. కానీ అది వాటర్ ప్రూఫింగ్‌కు బదులు కాదు. కారే కప్పు మీద తెల్ల పూత వేస్తే తెల్లగా కారుతుంది.

పరీక్షలు: నమ్మకం వద్దు, నీరు పోసి చూడండి

పని అయిపోయిందని మేస్త్రీ చెప్పడం ఒక మాట. నీరు చెప్పడం సాక్ష్యం. ఈ పరీక్షలకు పెద్ద పరికరాలు అక్కర్లేదు.

*తట్టి చూడటం.* చిన్న చెక్క సుత్తితో కప్పు అడుగు, గిలాబు తట్టాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుండ్రం గీయాలి. పిల్లల తలల మీదున్న డొల్ల గిలాబును ఆ రోజే దించేయాలి. మిగతా పని తర్వాత.

*బీటకు అతుకు పెట్టడం.* బీట మీద అడ్డంగా చిన్న ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్ద పెట్టి తేదీ రాయాలి. నెలల తర్వాత ఆ ముద్ద చిట్లితే బీట ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడది పూత పని కాదు, ఇంజినీరు పని.

*ప్లాస్టిక్ కాగితం పరీక్ష.* అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని చెమ్మ గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి పదహారు గంటలు వదలాలి. కాగితం వెనక, గోడవైపు బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు బొట్లు పడితే అది గదిలోని ఆవిరి. వంటగది, జనం కిక్కిరిసే హాలు వంటి చోట్ల ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. ఆవిరికి మందు కిటికీ, పూత కాదు.

*నీరు నిలిపే పరీక్ష.* కొత్త వాటర్ ప్రూఫింగ్‌కు ఇదే అసలు పరీక్ష. పొర వేసి ఆరాక, దాని మీద టైల్సో సిమెంటు పరుపో వేయకముందే చేయాలి. గొట్టాల మూతులు మూసి, రెండంగుళాల లోతు నీరు నిలిపి 48 గంటలు ఉంచాలి. నీటి మట్టం దగ్గర పిట్టగోడకు గీత గీయాలి. వేసవిలో నీరు ఆవిరై కూడా తగ్గుతుంది కదా, ఏది ఆవిరి, ఏది కారడం అని తెలిసేదెలా? కప్పు మీదే ఒక వెడల్పాటి టబ్బులో అంతే లోతు నీరు పోసి పక్కన పెట్టండి. టబ్బులో ఎంత తగ్గిందో కప్పు మీదా అంతే తగ్గితే అది ఆవిరి. కప్పు మీద ఎక్కువ తగ్గితే ఎక్కడో దారి ఉంది. ఈలోగా ఒకరు కింది గదుల్లో ఉదయం, సాయంత్రం టార్చితో చూసి, మచ్చ కనబడిన చోటు, వేళ కాగితం మీద రాయాలి.

ఒక హెచ్చరిక. రెండంగుళాల నీరు చదరపు మీటరుకు సుమారు 50 కిలోల బరువు. మనుషులు తిరిగే కప్పును సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు లెక్కించి కడతారు కాబట్టి మంచి స్లాబుకు ఇది సమస్య కాదు. కానీ పాత మద్రాస్ టెర్రస్ మీద, కడ్డీలు బయటపడిన స్లాబు మీద, వయసు తెలియని కప్పు మీద ఈ పరీక్ష చేయకూడదు. అక్కడ ముందు ఇంజినీరు చూడాలి. నీటి విషయానికొస్తే, 120 గజాల కప్పుకు అయిదు వేల లీటర్లు, అంటే ఒక ట్యాంకరు. పరీక్ష అయ్యాక దాన్ని మోరీలోకి వదలకుండా ఇంకుడు గుంతకు మళ్లించండి.

*గొట్టపు జల్లు పరీక్ష.* కిటికీలకు, గోడ అతుకులకు ఇది. అమెరికాలో దీనికి కొలత పెట్టారు: నిర్ణీత నాజిల్‌ను అడుగు దూరంలో పట్టుకుని, 30 నుంచి 35 పీఎస్‌ఐ ఒత్తిడితో, అయిదడుగుల అతుకుకు అయిదు నిమిషాల చొప్పున నీరు కొట్టాలి. మన దగ్గర మామూలు తోట గొట్టంతోనైనా పద్ధతి పాటిస్తే ఉపయోగమే. పద్ధతిలో కీలకం ఒకటుంది: కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ముందే పైన కొడితే నీరు కిందికి జారి అన్ని అతుకులనూ తడుపుతుంది, ఏది కారుతోందో తెలియదు. ముందు కిటికీ కింది గట్టు, తర్వాత పక్కలు, చివరకు పై అంచు, ఆపై సజ్జా మూల. లోపల ఒకరు చూస్తూ ఉండాలి. నీరు కనబడగానే ఆపి, గుర్తు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ అదే చోట కొట్టి నిర్ధారించుకోవాలి. పాత సున్నపు గోడ మీద ఇంత బలంగా కొట్టకండి, గచ్చు రాలిపోతుంది.

దాత అడగవలసిన ప్రశ్నలు

విరాళం ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్నలు అడగడం అనుమానించడం కాదు. అమానత్‌ను కాపాడటం.

1. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టారా, లేక మచ్చ ఉన్న చోటే పూత పూస్తున్నారా?
2. ఇది సున్నపు కట్టడమా, సిమెంటు కట్టడమా? వాడబోయే పదార్థం దానికి తగినదేనా?
3. వాలు ఎటు, గొట్టాలు ఎన్ని, వాటి నీరు చివరకు ఎక్కడికి పోతుంది? పక్కింటి గోడ మీదికి కాదు కదా?
4. పాత పొరలు తీసేస్తున్నారా, వాటి మీదే కొత్తవి వేసి కప్పు బరువు పెంచుతున్నారా?
5. నీరు నిలిపే పరీక్ష ఏ తేదీన? దానికి కమిటీ నుంచి ఎవరు వస్తారు?
6. హామీ కాగితం మీద ఉందా? అందులో ఎన్ని వానాకాలాలు అని రాసి ఉందా?
7. ఏడాదికోసారి కప్పు శుభ్రం చేసే బాధ్యత ఎవరిది?

చెల్లింపు విషయంలో ఒక చిన్న కట్టుబాటు ఎంతో మేలు చేస్తుంది. బిల్లులో కొంత భాగం పరీక్ష నెగ్గాక, మరికొంత ఒక వానాకాలం గడిచాక ఇస్తామని పని అప్పగించే కాగితంలోనే రాయాలి. మంచి మేస్త్రీ దీనికి వెనకాడడు. ఫొటోలు కూడా తీసి పెట్టండి. పైన టైల్స్ పడ్డాక కింద ఏముందో చెప్పేది ఆ ఫొటోలే.

మరమ్మతు కూడా దానమే

కొత్త గది కట్టడంలో ఉన్న ఉత్సాహం పాత గది కాపాడటంలో కనబడదు. కానీ మన పండితుల ఆలోచన దీనికి భిన్నం. వఖ్ఫ్ ఆస్తి ఆదాయంలో నుంచి ముందుగా ఖర్చు చేయవలసింది ఆ ఆస్తి మరమ్మతుకేనని, దాత ఆ షరతు రాయకపోయినా అది వర్తిస్తుందని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. కారణం తేలిక. కట్టడం నిలిస్తేనే దాని ఫలం నిలుస్తుంది. కప్పు ఉరిసిన బడిలో చదువు సాగదు, సాగని చదువుకు పుణ్యమూ కొనసాగదు. అందుకే ప్రతి భవనానికీ విరాళం సేకరించేటప్పుడే నిర్వహణ నిధి అని వేరుగా కొంత పక్కన పెట్టడం మంచిది. అది చిన్నదైనా ఏటా ఖర్చు చేస్తే చాలు.

ఆ నిధితో ఏడాదిలో చేయవలసిన పని కూడా ఎక్కువేమీ లేదు. మార్చిలో కప్పు ఊడ్చి, గొట్టాల మూతులు తీసి చూడాలి, గోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులు, పరీక్షలు పూర్తి చేయాలి. మృగశిర కార్తె వచ్చాక కప్పు పని మొదలుపెట్టడం తాడిపత్రి కింద పాఠం చెప్పడమే. మొదటి పెద్ద వాన పడిన రోజు ఒకరు అన్ని గదులూ తిరిగి మచ్చలు రాసుకోవాలి. అక్టోబరు చివర ఆ కాగితం కమిటీ ముందు పెట్టి, వచ్చే వేసవి పని నిర్ణయించాలి. ఇంతే.

గౌలిపుర గల్లీల్లో గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక సంస్థ తన కప్పును సరిచేసుకుంటే పక్కింటి గోడ కూడా ఆరుతుంది. ఆ పక్కిల్లు ఏ మతంవారిదైనా కావచ్చు. పొరుగువారి హక్కును మనం వేదికల మీద చెప్పుకుంటాం. మన గొట్టం నీరు వారి గోడ మీద పడకుండా చూడటం ఆ హక్కును చేతలతో చెల్లించడం.

ఈ ఏడాది మీరు ఇవ్వబోయే విరాళంలో కొంత భాగాన్ని, పేరు కనబడని ఆ గొట్టానికి, ఆ గోలాకు, ఆ సజ్జా గాడికి కేటాయించమని మనవి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, దాని నీడలో చదువుకునే పిల్లలను క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.